మూడో గది పోతురాజు

కళ్యాణి వస్తోందంటే మనిషి కనిపించకముందే తాళాల గుత్తి చప్పుడు వినిపిస్తుంది. టెక్కలిలో హైవే పక్కన ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. పేరెందుకు లెండి. అందులో రెండో అంతస్తులోని కంప్యూటర్ ల్యాబుకి ఆమె టెక్నీషియన్. ముప్పై ఆరు కంప్యూటర్లు. ఏ మిషను ఫ్యాను ఎందుకు మూలుగుతోందో, ఏ కీబోర్డులో ఏ అక్షరం మొరాయిస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. ఆరేళ్ళుగా ఇదే పని. లెక్చరర్లు వస్తారు, పాఠం చెబుతారు, బెంగుళూరులో మంచి ఉద్యోగం తగలగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతారు. కళ్యాణి పొద్దున్న తాళాలు తీస్తుంది, సాయంత్రం వేస్తుంది.

ఆమెది బారువ. సముద్రం మీద బతికే ఇల్లు, ఇంటిపేరు సూరాడ. తండ్రి పోతురాజు పాతికేళ్ళపాటు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పరాయివాళ్ళ బోట్ల మీద వేటకి వెళ్ళాడు. మోకాళ్ళు పట్టేశాక ఇంటికొచ్చి, ఇప్పుడు పెరట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తున్నాడు. తల్లి నూకాలమ్మ ఎండుచేపల బుట్టతో సోంపేట సంతకి వెళ్ళొస్తుంది. ఈ ఇద్దరికీ పుట్టిన ఒక్కగానొక్క పిల్ల డిప్లొమా చదివి కంప్యూటర్ల మధ్య పనిచేస్తోందంటే వాడలో గొప్పే. వారమంతా టెక్కలిలో గది అద్దెకు తీసుకుని ఉంటుంది, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తుంది.

పనిలో కళ్యాణికి వంక పెట్టడానికి లేదు. నోటితోనే వచ్చింది చిక్కు. చేత్తో చేసి చూపించమంటే కళ్ళు మూసుకుని చేస్తుంది. ఎందుకలా చేశావని అడిగితే మాత్రం మింగలేక కక్కలేక నిలబడిపోతుంది. లెక్చరర్లకి అది బాగానే కలిసొచ్చింది. పని ఆమె చేసేది, మాట వాళ్ళు చెప్పేవాళ్ళు.

ఆ ఏడాది నెట్‌వర్క్స్ చెప్పే ఫణీంద్ర సారు సగం సెమిస్టర్‌లో బెంగుళూరు బండెక్కేశాడు. పరీక్షలేమో నెత్తి మీదికొచ్చాయి. డిపార్ట్‌మెంట్ హెడ్డు సోమేశ్వరరావు గారు మనిషి మంచివారే, మాటే కరుకు. కళ్యాణిని పిలిచి, మూడు వారాలు ల్యాబు క్లాసులు నువ్వే తీసుకో అన్నారు. ఆఖరి శుక్రవారం నాడు తానే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానన్నారు. నచ్చితే ఆమే ల్యాబు ఇన్‌స్ట్రక్టర్. నచ్చకపోతే విశాఖపట్నం ఆయన ఎవరిదో బయోడేటా బల్ల మీదే ఉంది, ఆయనకి కబురు వెళ్తుంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి కళ్యాణికి కాలు నేల మీద నిలవలేదు. నోటీసు బోర్డు మీద టైమ్‌టేబుల్ అంటిస్తారు కదా, ప్రతి పీరియడ్ కిందా చిన్న అక్షరాలతో చెప్పేవారి పేరు ఉంటుంది. ఆరేళ్ళలో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తానే జిగురు రాసి అంటించిందో లెక్కలేదు. దాని మీద తన పేరు ఒక్కసారీ లేదు. అది ఉండాలని ఆమెకి ఉండేది, ఎవరితోనూ అనేది కాదు.

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని కాపురం పెట్టించవచ్చు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. దానికి వేరే పెట్టె ఉండదు, పెద్ద కంప్యూటర్ తిండే తిని బతుకుతుంది, అద్దెకున్నవాడిలాగ. పిల్లలు దాని మీద ఎన్ని కోతి చేష్టలు చేసినా అసలు మిషనుకి ఏమీ కాదు. ఈ అద్దెవాడికి బయటి ప్రపంచంతో రాకపోకలు ఎలా ఉండాలన్నది ఒక మెనూలో ఎంచుకోవాలి. న్యాట్ అని ఒకటి, బ్రిడ్జ్ అని ఒకటి, హోస్ట్ ఓన్లీ అని ఒకటి. నెట్‌వర్క్‌లో ఏ మెషీన్ ఏదో గుర్తుపట్టేది ఒక నంబరుతో, ఇంటి నంబరులాగ. ఏది పెడితే ఏమవుతుందో చెప్పడమే పాఠం.

మొదటి క్లాసులోనే కంచిలి కుర్రాడు హేమంత్ చెయ్యెత్తాడు. వాళ్ళది కొబ్బరితోటల ఇల్లు, నోరు కాస్త పెద్దది. తన మెషీన్ నంబరూ పక్కవాడి మెషీన్ నంబరూ ఒకటే వచ్చిందని, ఎవడో తన దాన్ని కాపీ కొట్టాడని ఫిర్యాదు. చూస్తే నిజమే. ముప్పై ఆరు తెరల మీదా 10.0.2.15 అనే ఉంది. ఇంటర్నెట్ అందరికీ వస్తోంది, ఒకరి మెషీన్ ఇంకొకరి మెషీన్‌ని పలకరిస్తే మాత్రం జవాబు లేదు. కళ్యాణికి మందు తెలుసు. న్యాట్ తీసేసి బ్రిడ్జ్ పెట్టండని చెప్పింది. పెట్టారు. అందరికీ వేరువేరు నంబర్లు వచ్చాయి, ఒకరినొకరు పలకరించుకున్నారు, పిల్లలు సంబరపడ్డారు. ఎందుకొచ్చాయో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. మిగతా రెండు బ్యాచీల చేతా అలాగే చేయించింది.

బుధవారం పొద్దున్న కాలేజీ గేటు దగ్గర వేలిముద్ర వేసే మిషను పని మానేసింది. లెక్చరర్లు, ఆఫీసువాళ్ళు, ఆఖరికి ప్రిన్సిపాల్ గారు కూడా బొటనవేలు చాపుకుని రేషను షాపు దగ్గర నిలబడ్డట్టు వరసలో నిలబడ్డారు. లోపల ఆఫీసులో సగం కంప్యూటర్లకి నెట్ లేదు. సంగతేమిటంటే, కాలేజీ మొత్తానికి పంచిపెట్టడానికి ఉన్న నంబర్లే రెండు వందల చిల్లర. కళ్యాణి పిల్లల మెషీన్లు మూడు బ్యాచీలవీ కలిపి నూట ఎనిమిది నంబర్లు పట్టుకుని కూర్చున్నాయి, వేలిముద్ర మిషనుకి నంబరే మిగల్లేదు. ఒకసారి పట్టుకున్న నంబరు అవి వారం దాకా వదలవు.

సోమేశ్వరరావు గారు ల్యాబుకొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. బ్రిడ్జ్ పెట్టించావు సరే, ఎందుకు పెట్టించావో చెప్పగలవా అని అడిగారు. కళ్యాణి పుస్తకం తెరిచి పేజీలు తిప్పసాగింది.

“తెలియకపోవడం తప్పు కాదమ్మా,” అన్నారాయన. “తెలియకుండా వందమంది పిల్లల చేత చేయించడం తప్పు. వచ్చే వారం, ఆఖరి శుక్రవారం నాడు ఇదే పాఠం చెప్పు. నేను వింటాను.”

శనివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్యాణి పుస్తకంలోని ఇంగ్లీషు నిర్వచనాలు బట్టీ పట్టింది. పలాసలో జీడిపిక్కలు కాల్చిన కమురు వాసన వచ్చేసరికి న్యాట్ పూర్తయింది, సోంపేటలో బండి మారేసరికి అదీ మరిచిపోయింది. కళ్ళంట నీళ్ళు తిరిగాయి. విశాఖపట్నం ఆయన బయోడేటా ఎంత బాగుంటుందో ఊహించుకుంటూ ఇల్లు చేరింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకపోతే తరవాత కథ అర్థం కాదు. కళ్యాణికి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ మామ్మ, అంటే పోతురాజు తల్లి, పోయింది. అప్పుడు పోతురాజు వెరావల్‌లో ఉన్నాడు. రెండు వారాలకోసారి ఆదివారం బారువ బజారులోని ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసేవాడు. ఆ ఫోను వచ్చే నంబరు నూకాలమ్మ ఒక చీటీ మీద రాయించి దాచుకుంది. అత్తగారు పోయిన రోజున కూతుర్ని వెంటబెట్టుకుని బూతుకి వెళ్ళి ఆ నంబరుకి కొట్టించింది. ఎవరో ఎత్తి హిందీలో ఏదో అని పెట్టేశారు. మళ్ళీ కొట్టించారు, మళ్ళీ పెట్టేశారు. నాలుగు రోజులు అలాగే తిరిగారు. పదకొండో రోజున పోతురాజు తనంతట తాను ఫోన్ చేస్తే గాని అతనికి కబురు తెలియలేదు. అతను వచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. నాన్న అక్కడే ఉండి ఫోను ఎత్తలేదని కళ్యాణి చిన్నబుర్రకి తోచింది. అదే మనసులో పెట్టుకుంది. పెద్దయ్యాక కూడా తండ్రితో బాగానే ఉండేది, నవ్వేది, పండ్లు తెచ్చిపెట్టేది, కాని ఆ ఒక్క ముల్లు తియ్యలేదు.

పోతురాజు కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగు అల్లుతూ కూతురి ముఖం చూశాడు.

“ఏటే గుంటా, మొగం అలాగ ముడుసుకున్నావు?”

కళ్యాణి చెప్పాలనుకోలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. వేలిముద్ర మిషను దగ్గర వరస గురించి, హెడ్డు గారి మాట గురించి, విశాఖపట్నం ఆయన గురించి అంతా చెప్పింది. ఆ దిక్కుమాలిన న్యాట్ అంటే ఏమిటో తనకే అర్థం కావడం లేదంది. అన్ని మెషీన్లకీ ఒకటే నంబరు, అయినా ఒకదానికొకటి అడ్డు రావు, లోపలివి బయటికి వెళ్తాయి, బయటివాళ్ళు లోపలికి రాలేరు, ఇదేం లెక్క అంది.

పోతురాజు చేతిలో నూలుకండె ఆగింది. తరవాత నవ్వాడు.

“దానికేటుంది? ఎరావల్లో మా బతుకు అదే గదే. మా బోట్ల సేఠ్ యార్డులో గదులుంటాయి. నాది మూడో గది. పక్క సేఠ్ యార్డులోనూ మూడో గదుంటాది, ఆ పక్కదాన్లోనూ ఉంటాది. ఈదిలోకొస్తే నీది మూడో గదా నాలుగో గదా అని ఎవడడుగుతాడు? ఈదికి మేం సేఠ్ మనుసులం, అంతే.”

కళ్యాణి ముందుకి జరిగింది. మరి ఫోను సంగతేమిటని అడిగింది. ఆ మాట ఆమె నోటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

పోతురాజు వివరంగా చెప్పాడు. యార్డంతటికీ సేఠ్ ఆఫీసులో ఒకటే ఫోను. ఎవరు ఎక్కడికి చేసినా అవతలివాళ్ళకి తెలిసేది సేఠ్ నంబరే. తాము చేసిన ఫోనుకి జవాబు వస్తే ఇబ్బంది లేదు, ఇప్పుడు మాట్లాడుతున్నది ఫలానావాడని గుమాస్తాకి గుర్తుంటుంది కనుక వాడికే ఇస్తాడు. కాని బయటి నుంచి ఎవరైనా ఉన్నట్టుండి ఫోన్ చేసి పోతురాజు కావాలంటే గుమాస్తా ఏం చేస్తాడు? బారువ చుట్టూ ఉద్దానం తీరంలో ఇంటికో పోతురాజు. ఆ యార్డులోనే నలుగురు ఉండేవారు. ఏ పోతురాజో తెలియక, తెలుసుకునే ఓపిక లేక, పెట్టేసేవాడు.

పోతురాజు వల పక్కకి పెట్టాడు.

“మా యమ్మ పోయినప్పుడు అదే అయింది,” అన్నాడు. “ఆ పదకొండు రోజులూ బోటు ఒడ్డునే ఉందే. ఇంజను రిపేరు. నేను ఆ ఫోనుకి యాభై అడుగుల దూరంలో కూకుని పేకాడుకుంటన్నాను. అది తలుసుకుంటే ఇప్పుడికీ నా మీద నాకే కోపమొత్తాది.”

కళ్యాణిది ఇరవై ఏళ్ళ కోపం, అదీ ఉత్తి కోపం. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అంతలోనే మోసిన బరువేదో దించినట్టు హాయిగానూ అనిపించింది.

“నువ్వే ఎత్తట్లేదనుకున్నాను నాన్నా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను.”

పోతురాజు కూతురి వంక చూశాడు. “అడగొచ్చు గదే గుంటా,” అని మాత్రం అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న నూకాలమ్మ పైటతో ముక్కు తుడుచుకుని, చేపలు మాడిపోతున్నాయని లోపలికి వెళ్ళింది.

తరవాతి కథ కూడా అప్పుడే తెలిసింది. అమ్మ కర్మకి అందని పోతురాజు వెరావల్ తిరిగి వెళ్ళి గుమాస్తా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడట. ఫోను పక్కన గోడ మీద ఒక చీటీ అంటించించాడట, ‘బారువ పోతురాజు, మూడో గది’ అని. ఆ తరవాత బారువ అన్న మాట వినపడగానే గుమాస్తా మూడో గదికి కేకేసేవాడు. కళ్యాణికి అదీ గుర్తే. ఆ ఏడాది నుంచి నాన్న ఫోనుకి దొరికేవాడు. బుద్ధొచ్చిందని అనుకుందామె అప్పుడు.

“మరి బ్రిడ్జ్ అంటే, గదిలో వాడికి కూడా ఈది మీదికే సొంత తలుపు పెట్టీడమన్నమాట,” అంది కళ్యాణి, తండ్రికి కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు.

అది కూడా చేశారన్నాడు పోతురాజు. కొందరు కుర్రాళ్ళు సేఠ్ పేరు మోయడం ఇష్టంలేక పక్క సందులో ఎవరి గది వాళ్ళు తీసుకున్నారట. దర్జాగానే ఉండేది, ఎవరి ఉత్తరం వాళ్ళకొచ్చేది. నెల తిరిగేసరికి వీధి కొళాయిలో ఎవరికీ చుక్క నీళ్ళు లేవు, ఊరివాళ్ళంతా కర్రలు పట్టుకుని వచ్చారు. కళ్యాణికి బొటనవేలు చాపి నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు గుర్తొచ్చి, ఏడుస్తున్నదల్లా పకపకా నవ్వేసింది.

శుక్రవారం వచ్చింది. సోమేశ్వరరావు గారు వెనక బెంచీలో, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. బారువ పెరట్లో అంత బాగా అర్థమైన పాఠం ఆయన్ని చూడగానే ఆవిరైపోయింది. కళ్యాణి బోర్డు మీద ఇంగ్లీషు నిర్వచనం రాసి, దాన్నే పైకి చదివింది. ఇంకోటి రాసింది, చదివింది. పిల్లలు ఆవులించారు. ఒకడు పుస్తకం వెనక కొబ్బరిచెట్టు బొమ్మ వేసుకుంటున్నాడు. పది నిమిషాలయ్యాక హెడ్డు గారు గడియారం చూసుకోవడం ఆమె కంటపడింది.

అప్పుడు హేమంత్ లేచాడు. ఆ గుంటడు ఊరికే ఉండడు కదా.

“మేడం, ఇదంతా సరేగాని, అందరికీ ఒకటే నంబరు ఎందుకొచ్చిందో ఇప్పుడికీ సెప్పలేదు.”

కళ్యాణి మార్కరు పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది. బోర్డంతా తుడిచి ఒక పెద్ద గోడ గీసి, లోపల గదులు గీసింది. మూడో గదిలో ఒక మనిషిని నిలబెట్టి, వీడి పేరు పోతురాజు అంది. అక్కణ్ణుంచి మాట దానంతటదే వచ్చింది. పుస్తకం ఇంగ్లీషు పోయి బారువ తెలుగు వచ్చేసింది, దాన్ని ఆపుకుందామని కూడా ఆమెకి తోచలేదు. గోడ అంటే కంప్యూటర్, గది అంటే మెషీన్, గుమాస్తా అంటే న్యాట్. ప్రతి యార్డులోనూ మూడో గది ఉంటుంది, వీధికి దాంతో పనిలేదు. బ్రిడ్జ్ పెడితే సొంత తలుపు, మరి కొళాయి నీళ్ళ సంగతి మొన్న బుధవారం గేటు దగ్గర మీరే చూశారు కదా అంది. క్లాసు ఘొల్లుమంది. హోస్ట్ ఓన్లీకి ఏం చెప్పాలో ముందు అనుకోలేదు, అప్పటికప్పుడు వేటకెళ్ళిన పడవలు గుర్తొచ్చాయి. నడిసముద్రంలో ఒక జట్టు పడవలు వైర్‌లెస్ మీద తమలో తాము మాట్లాడుకుంటాయి, ఒడ్డుకి ఒక్క ముక్క వినపడదు. రోగం పట్టిన ఫైలుని తెరిచి చూడాలంటే అలాంటి చోటే తెరవాలి అంది.

సోమేశ్వరరావు గారు బెంచీలోంచి లేచారు.

“లోపల మెషీన్‌లో ఈ హేమంత్ ఒక వెబ్ పేజీ పెట్టాడనుకో. బయటి నుంచి నేను చూడాలి. బ్రిడ్జ్ మాట ఎత్తకు. ఏం చేస్తావు?”

“గుమాస్తా పక్కన గోడ మీద చీటీ అంటించాలి సార్.”

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. కళ్యాణి హేమంత్ మిషను దగ్గరికి నడిచి, పోర్ట్ ఫార్వర్డింగ్ అనే చోట ఒక వరస రాసింది. ఈ కంప్యూటర్‌కి 8080 అని అడుగుతూ ఎవరొచ్చినా లోపలి మెషీన్‌లోని 80కి పంపు, అంతే. హెడ్డు గారు పక్క మిషను మీద హేమంత్ మిషను అడ్రసూ, చివర ఆ 8080 కొట్టారు. హేమంత్ చేసిన పేజీ, కంచిలి కొబ్బరిబొండం బొమ్మతో సహా, తెర మీద తెరుచుకుంది.

“మా మామ్మ పోయినప్పుడు ఈ చీటీ లేదు సార్,” అంది కళ్యాణి. “మా నాన్న ఫోను పక్కనే ఉన్నాడు, కబురందడానికి పదకొండు రోజులు పట్టింది.”

సోమేశ్వరరావు గారు హేమంత్ వైపు తిరిగి, ఏరా, నీ నంబరు ఎవడు కాపీ కొట్టాడు అని అడిగారు.

“ఎవడూ కొట్టలేదు సార్,” అన్నాడు వాడు. “మూడో గది పెతి యార్డులోనూ ఉంటాది.”

ఆయన తల ఊపి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆమెతో ఒక్క మాట అనలేదు. ఆ శని ఆదివారాలు కళ్యాణి బారువలో ఏం తిన్నదో ఆమెకే తెలియదు. సోమవారం పొద్దున్న ఆఫీసు గుమాస్తా ప్రకాష్ కొత్త టైమ్‌టేబుల్ ఆమె చేతికిచ్చి, ఎప్పటిలాగే జిగురు రాసి అంటించమన్నాడు. నోటీసు బోర్డు దగ్గర నిలబడి జిగురు రాస్తూ చూసింది. నెట్‌వర్క్స్ ల్యాబ్ కింద చిన్న అక్షరాలతో ‘సూరాడ కళ్యాణి’ అని ఉంది. కాగితాన్ని రెండుసార్లు వంకరగా అంటించి, మూడోసారికి సరిచేసింది.

ఇన్‌స్ట్రక్టర్‌కి ల్యాబు మూలన ఒక బల్ల ఇచ్చారు, దాని మీద ఒక పాత టెలిఫోను. కాలేజీ నంబరు కొట్టి, ఇరవై ఏడు నొక్కితే అది మోగుతుంది. ఆ సంగతి సాయంత్రం సెల్‌ఫోనులో తండ్రికి చెప్పింది. ఇప్పుడు బయటివాళ్ళు ఎవరైనా తిన్నగా తన బల్లకే రావచ్చని, మధ్యలో ఏ కళ్యాణి అని అడిగేవాడు లేడని మురిసిపోతూ చెప్పింది. పోతురాజు ఆ నంబరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాడు పదకొండు గంటలకి, క్లాసు అయిపోయి పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, బల్ల మీద ఫోను మోగింది. సెల్‌ఫోను ఆమె సంచీలోనే ఉంది, దానికి చెయ్యొచ్చు. కాని అవతలి మనిషికి కావలసింది ఆ బల్లే. కళ్యాణి గభాల్న రిసీవరు ఎత్తింది.

“ల్యాబు ఇన్‌స్ట్రక్టర్ కళ్యాణి గారేనా?” అంది అవతలి గొంతు, చాలా పెద్దమనిషి తరహాగా.

“అవునండి. ఎవరు మాట్లాడతన్నారు?”

“బారువ పోతురాజునండి. మూడో గది.”

కళ్యాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రిసీవరు రెండు చేతులతో పట్టుకుంది.

“ఒక్క రింగుకే ఎత్తీసేను, సూసేవా నాన్నా,” అంది.